యంత్రానికి రాయితీ సరే.. నీడ ఏదీ?

* ఏడాదిలో కొద్ది రోజులే పని.. మిగతా కాలమంతా ఎండకు, వానకు
* షెడ్డు ఉన్నవారి దొడ్డిలోనే ఉమ్మడి పనిముట్లు
* పదును వేళకు మొరాయిస్తున్న విత్తన గొర్రులు
* నిలువ వసతిని పథకంలో భాగం చేస్తేనే ఫలితం

అనంతపురం: కరవు సీమలో సేద్యం రూపురేఖలు మారాయి. ఎద్దుల అరకలు తగ్గి ట్రాక్టర్లు పెరిగాయి. చీనీ, దానిమ్మ తోటలు విస్తరించిన కొద్దీ చెట్ల వరుసల నడుమ కొమ్మలకు తగలకుండా తిరిగే 20 హెచ్‌పీ లోపు చిన్న ట్రాక్టర్లకు గిరాకీ వచ్చింది. వాటి వెంట రోటవేటర్, కల్టివేటర్, విత్తన గొర్రు, మందు పిచికారీ యంత్రం, చదును చేసే బ్లేడు ఒకదాని తరువాత ఒకటి రైతు ఇంటికి చేరాయి. కొనేందుకు రాయితీ ఉంది, బ్యాంకు అప్పు ఉంది, అమ్మేందుకు దుకాణం ఉంది. కొన్న పనిముట్టును ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు మాత్రం ఎవరి వద్దా సమాధానం లేదు.

ఫలితంగా అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా ఒకే దృశ్యం కనిపిస్తుంది. రోడ్డు పక్కన కంపచెట్టు కింద ఒక కల్టివేటర్, కల్లంలో గడ్డివామి పక్కన ఒక రోటవేటర్, రచ్చకట్ట వెనుక తుప్పు పట్టిన విత్తన గొర్రు. వాటిలో కొన్ని రైతు సొంత సొమ్ముతో కొన్నవి. కొన్ని ప్రభుత్వ రాయితీతో రైతు గ్రూపులకు అందినవి. ఎవరి సొమ్ముతో వచ్చినా ఎండకు, వానకు తేడా లేదు. పైకి చిన్నదిగా కనిపించే ఈ నిలువ సమస్య రైతు అప్పుతోనూ, పంట పదునుతోనూ, ఉమ్మడి ఆస్తిపై పెత్తనంతోనూ ముడిపడి ఉంది.

పని పది రోజులు.. పడిగాపులు ఏడాదంతా

సేద్యపు పనిముట్లకు ఒక ప్రత్యేకత ఉంది. లారీ, ఆటో వంటి వాహనాలు ఏడాది పొడవునా తిరుగుతాయి. పనిముట్టు మాత్రం తన కారు వచ్చినప్పుడే కదులుతుంది. అందునా విత్తన గొర్రుది మరీ చిత్రమైన జాతకం. వేరుసెనగ విత్తుకు జూన్, జులై నెలల్లో మంచి వాన పడాలి. ఎర్ర నేలల్లో ఆ తేమ నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ కొద్ది రోజుల్లోనే ఊరంతా విత్తనం వేయాలి. కూలీల కొరత ఉన్న ఈ కాలంలో ట్రాక్టర్ గొర్రు లేకపోతే విత్తు సాగదు. అనంతపురం వ్యవసాయ పరిశోధన కేంద్రం రూపొందించిన అనంత ప్లాంటర్ రైతుల ఆదరణ పొందడానికి కారణం కూడా ఇదే.

విత్తు ముగిశాక గొర్రుకు పని లేదు. జులై చివర పక్కన పెట్టిన గొర్రును మళ్లీ ముట్టేది మరుసటి ఏడాది ఏరువాక ముందే. ఈ మధ్యలో ఏం జరుగుతుందన్నదే అసలు విషయం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే సగటు వర్షపాతం ఉన్న ఈ ప్రాంతంలో ఎక్కువ వాన కురిసేది సెప్టెంబరులో. ఆపై ఈశాన్య రుతుపవనాల జల్లులు వస్తాయి. అంటే పనిముట్టు ఖాళీగా ఉన్న కాలమూ, వానలు ముమ్మరంగా కురిసే కాలమూ ఒకటే. తరువాత మార్చి నుంచి మే దాకా 40 డిగ్రీలు దాటే ఎండలు. మొదట వాన ఇనుమును తింటుంది, ఆపై ఎండ రబ్బరును, ప్లాస్టిక్‌ను తింటుంది. వాన తక్కువ కదా, తుప్పు భయం లేదన్న ధీమా ఇక్కడ పనికిరాదు.

తుప్పు ఒక్కటే కాదు..

ఆరుబయట ఉంచిన పనిముట్టుకు కలిగే నష్టం కంటికి కనిపించే తుప్పుతో ఆగదు. దుక్కిలో మట్టితో రాసుకుని కల్టివేటర్ కొయ్యలు, నాగలి రెక్కలు అద్దంలా మెరుస్తాయి. ఆ మెరుపున్న చోట రంగు ఉండదు. కాబట్టి తుప్పు మొదట పట్టేది అక్కడే. తుప్పుతో గరుకెక్కిన రెక్కకు మట్టి అంటుకుని జారదు. నాగలి బరువుగా లాగుతుంది. ట్రాక్టర్ మీద భారం పడి డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఈ నష్టం ఏ లెక్కలోనూ చేరదు. బంకు బిల్లులో మాత్రం కలిసిపోతుంది.

ఎరువు కూడా వేసే గొర్రులకు మరో బెడద. పెట్టెలో మిగిలిన డీఏపీ, పొటాష్ గుళికలు గాలిలోని తేమను పీల్చుకుని ముద్దవుతాయి. అందులోని లవణాలు ఇనుమును వేగంగా తింటాయి. పొటాష్‌లోని క్లోరైడు ఉక్కుకు బద్ధ శత్రువు. మరుసటి ఏడాది మూత తెరిచేసరికి గుళికలు జారాల్సిన రంధ్రాలు గట్టిపడి ఉంటాయి, పళ్ల చక్రాలు తిరగవు. పెట్టెలో మిగిలిన వేరుసెనగ గింజల కోసం ఎలుకలు చేరి విత్తన గొట్టాలను కొరికేస్తాయి.

రోటవేటర్ సంగతి వేరు. దాని గేర్ పెట్టెలోకి సీలు సందుల నుంచి నీరు దిగితే నూనె పాలలా తెల్లబడుతుంది. ఆ నూనెతోనే నడిపితే బేరింగులు అరిగిపోతాయి. ట్రాక్టర్ నుంచి పనిముట్టుకు శక్తి అందించే పీటీవో షాఫ్ట్‌లో ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు తుప్పుతో బిగుసుకుంటే సుత్తి దెబ్బలకు తప్ప ఊడవు. హైడ్రాలిక్ గొట్టాల రబ్బరు ఎండకు పగుళ్లు బారుతుంది. ఆ పగులు బయటపడేది బరువు ఎత్తినప్పుడే. ఇవన్నీ తెలిసేది విత్తుకు తెల్లవారితే బయలుదేరాల్సిన రాత్రి. ఆ వేళకు వెల్డింగ్ దుకాణం ముందు అప్పటికే బారులు తీరి ఉంటాయి. మరమ్మతుకు రెండు రోజులు పడితే పదును ఆరిపోతుంది. మరో వాన కోసం ఎదురుచూడాలి. వేరుసెనగ రైతుకు అది రెండు రోజుల ఆలస్యం కాదు. ఒక్కోసారి ఆ ఏటి పంటే చేజారుతుంది.

కొట్టం చాలని కాలం

పూర్వం ఈ చిక్కు లేదు. నాగలి, గుంటక, దంతె, గొర్రు అన్నీ కొయ్యతో చేసినవే. కర్రు, గొట్టాలు మాత్రమే ఇనుమువి. పని ముగియగానే కడిగి, కర్రు ఊడదీసి, కొట్టంలో దూలాలకు కట్టేవారు. ఇద్దరు మనుషులు మోస్తే సరిపోయేది. ఏరువాకకు ముందు వడ్రంగి, కమ్మరి ఇంటికి తీసుకెళ్లి సరిచేయించుకోవడం ఊరి ఆచారం. పనిముట్టును ఎండకూ వానకూ వదిలేయడం ఇంటి యజమానికి నామర్దా.

నేటి పనిముట్లకు ఆ కొట్టం చాలదు. చిన్న ట్రాక్టర్‌కు తగిలించే రోటవేటర్ కూడా రెండు, మూడు క్వింటాళ్ల బరువు ఉంటుంది. దాన్ని దూలానికి కట్టలేరు, మనుషులు మోయలేరు. ట్రాక్టర్‌తోనే లోపలికి తోలి దించాలి. అందుకు వాకిలి వెడల్పు, కప్పు ఎత్తు రెండూ కావాలి. పాత కొట్టం వాకిలి ఎద్దుల కొలతకు కట్టింది. పైగా పశువులున్న కొట్టంలో ఇనుప పనిముట్టు పెట్టడం మంచిది కాదు. మూత్రం తేమ, పేడ నుంచి వెలువడే అమ్మోనియా ఇనుమును తొందరగా చెడగొడతాయి. కొయ్య గొర్రును కాపాడిన కొట్టమే ఇనుప గొర్రుకు చేటుగా మారింది.

ఇక కొత్త ఇళ్ల పరిస్థితి మరీ ఇరుకు. 2020 డిసెంబరులో మొదలైన పేదల ఇళ్ల పథకంలో గ్రామాల్లో ఒక్కో కుటుంబానికి సెంటున్నర స్థలం ఇచ్చారు. సెంటున్నర అంటే సుమారు 653 చదరపు అడుగులు. చిన్న ట్రాక్టర్‌ను, దాని వెనుక తగిలించిన పనిముట్టుతో సహా నిలపడానికి 15 అడుగుల పొడవు కావాలి. లోపలికి, బయటికి తిప్పుకోవడానికి ముందు అంతే ఖాళీ ఉండాలి. మిగతా మూడు, నాలుగు పనిముట్లకు చోటు చూస్తే ఆ సెంటున్నర మొత్తం షెడ్డుకే సరిపోతుంది. మరి ఇల్లెక్కడ? దొడ్డి లేని ఇంటికి యంత్రం చేరితే దాని చోటు వీధే.

షెడ్డు ఎవరిదో పెత్తనం వారిది

నిలువ వసతి కొరత కేవలం తుప్పు సమస్య కాదని గ్రూపుల పనితీరు చెబుతోంది. రాష్ట్రంలో యంత్ర సేవ పథకం కింద 2022 జూన్ 7న గుంటూరులో ఒకే రోజు 3,800 ట్రాక్టర్లు, 320 కంబైన్ హార్వెస్టర్లను రైతు గ్రూపులకు అందించారు. 40 శాతం ప్రభుత్వ రాయితీ, 50 శాతం బ్యాంకు రుణం, 10 శాతం రైతుల వాటా అన్నది ఆ పథకం లెక్క. అంతకుముందు 2017లో వచ్చిన రైతు రథం పథకం వ్యక్తులకు ట్రాక్టర్లు ఇచ్చింది. గ్రూపు పథకం ఉద్దేశం వేరు. ఒక్కరు కొనలేని యంత్రాన్ని అయిదారుగురు కలిసి కొని, తాము వాడుకుని, మిగతా రైతులకు తక్కువ అద్దెకు ఇవ్వాలి.

ఉద్దేశం మంచిదే. అయితే యంత్రం ఊరికి చేరిన రోజు రాత్రే మొదటి ప్రశ్న ఎదురవుతుంది. ఎక్కడ పెట్టాలి? అయిదుగురు సభ్యుల్లో నలుగురికి చోటు ఉండదు. పెద్ద దొడ్డి, రేకుల షెడ్డు ఉన్న ఒక్కరి ఇంటికే యంత్రం చేరుతుంది. తాళం ఆయన వద్దే ఉంటుంది. డీజిల్ లెక్క, మరమ్మతు లెక్క, అద్దె లెక్క క్రమంగా ఆయన చేతిలోకే వెళతాయి. పదును వచ్చిన రోజు మొదటి చాలు ఎవరి పొలంలో పడుతుందో చెప్పనక్కర్లేదు. కాగితం మీద యంత్రం అయిదుగురిది. వాడుకలో షెడ్డున్న ఆసామిది. అప్పు వాయిదాకు మాత్రం అందరూ బాధ్యులే.

ఇందులో ఆ ఆసామి తప్పు పట్టడానికి కూడా లేదు. తన చోటు ఇచ్చారు, కాపలా కాస్తున్నారు, బ్యాటరీ పోకుండా చూస్తున్నారు. వాటికి గ్రూపు నుంచి అద్దె ఏమీ అందదు. అందుకే ముందు వాడుకోవడాన్ని తన హక్కుగా భావిస్తారు. చోటుకు లెక్క కట్టి నెలవారీ అద్దె ముందే నిర్ణయిస్తే ఈ మొహమాటం, ఆ పెత్తనం రెండూ తగ్గుతాయి. అంతకన్నా మేలు యంత్రాన్ని ఎవరి ఇంట్లోనూ కాక ఉమ్మడి చోట ఉంచడం. కౌలు రైతులు, మహిళా రైతులు అద్దెకు అడగడానికి ఒకరి గడప తొక్కాల్సిన పని అప్పుడు ఉండదు.

లెక్కల్లో ఉంది.. అమలులో లేదు

యంత్రం గంటకు ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టేటప్పుడు వ్యవసాయ ఇంజినీరింగ్ పాఠాల్లో తరుగుదల, వడ్డీ, బీమా, పన్నులతో పాటు నిలువ వసతిని కూడా స్థిర ఖర్చుగా చూపుతారు. సాధారణంగా యంత్రం ధరలో ఏడాదికి ఒక శాతం దీనికి కేటాయిస్తారు. అంటే శాస్త్రం దృష్టిలో షెడ్డు అదనపు హంగు కాదు, యంత్రం ఖర్చులో అంతర్భాగం. మన రాయితీని మాత్రం యంత్రం ధరను బట్టి లెక్క కడతారు. కేంద్రం 2014-15లో ప్రారంభించిన వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం కింద చిన్న, సన్నకారు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు పరిమితికి లోబడి 50 శాతం, ఇతరులకు 40 శాతం సాయం నిర్దేశించారు. ఆ శాతం పనిముట్టు ధర మీదే.

ఒక చిన్న లెక్క చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. లక్ష రూపాయల పనిముట్టు పదేళ్లు పనిచేసి, చివరకు రూ.10 వేలకు అమ్ముడుపోతుందని అనుకుందాం. ఏడాదికి తరుగు రూ.9 వేలు. ఆరుబయట ఉండి ఆరేళ్లకే మూలపడితే ఏడాదికి తరుగు రూ.15 వేలు అవుతుంది. తేడా రూ.6 వేలు. నిలువ వసతికి కేటాయించాల్సిన ఒక శాతం రూ.వెయ్యి మాత్రమే. అలాంటి పనిముట్లు నాలుగు ఉన్న గ్రూపునకు ఏటా రూ.24 వేలు గాలిలో కలుస్తాయి. ఆ నాలుగింటి విలువ రూ.4 లక్షల్లో బ్యాంకు అప్పు 50 శాతం, అంటే రూ.2 లక్షలు. యంత్రం తుప్పు పట్టినా అప్పు తుప్పు పట్టదు. ప్రభుత్వం ఇచ్చిన రూ.1.6 లక్షల రాయితీ కూడా ప్రజల సొమ్మే. దానికీ అదే గతి.

ఈ చర్చకు ఇప్పుడు మరింత ప్రాధాన్యం ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, సేద్యపు పనిముట్లపై జీఎస్టీని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ట్రాక్టర్ టైర్లు, విడిభాగాలపై 18 శాతం ఉన్నది కూడా 5 శాతానికి దిగింది. రైతుకు ఇది ఊరటే. లక్ష రూపాయల మూల ధర ఉన్న పనిముట్టుపై పన్ను రూ.12 వేల నుంచి రూ.5 వేలకు తగ్గింది. మిగిలిన రూ.7 వేలు మరో పనిముట్టు కొనడానికి బయానా అవుతాయా, ఉన్నవాటికి నీడ కల్పించడానికి ఉపయోగపడతాయా అన్నదే ఆలోచించాల్సిన అంశం.

షెడ్డు అంటే నాలుగు రేకులు కాదు

నిలువ వసతి అనగానే పెద్ద ఖర్చు అన్న భయం రైతుల్లో ఉంది. జిల్లా రైతుకు అందుబాటులో ఉన్న వనరులతోనే తక్కువ ఖర్చులో నిర్మించుకునే వీలుంది. ద్రాక్ష పందిళ్లకు, పొలం కంచెలకు వాడే రాతి కూసాలు స్తంభాలుగా పనికొస్తాయి. నేల మీద పరచడానికి తాడిపత్రి బండలు ఉండనే ఉన్నాయి. ఈ ప్రాంతంలో జూన్, జులై గాలులు పడమర, నైరుతి దిక్కుల నుంచి ఉధృతంగా వీస్తాయి. కనుక ఆ వైపు గోడ లేదా నిలువు బండలతో మూసి, తూర్పు వైపు వాకిలి ఉంచితే జల్లు లోపలికి కొట్టదు. రేకులను గాలికి లేవకుండా బిగించాలి. నేల చుట్టుపక్కల కంటే కనీసం అర అడుగు ఎత్తులో ఉండాలి. వాకిలి ఎత్తు పది అడుగులు ఉంటే ట్రాక్టర్ పైకప్పు తగలదు.

చోటు ఉన్నంత మాత్రాన సరిపోదు. లోపల అమరిక ముఖ్యం. చాలామంది షెడ్డులో పనిముట్లను వచ్చిన వరుసలో తోసేస్తారు. వెనుక ఉన్నదాన్ని తీయాలంటే ముందున్న మూడింటిని బయటికి లాగాలి. ఆ విసుగుతోనే మరుసటిసారి బయట వదిలేస్తారు. పంట కారు వరుసను బట్టి, ముందు అవసరమయ్యేది వాకిలి దగ్గర, ఏడాదికి ఒకసారి వాడేది లోపలి మూలన ఉండాలి. ఒక్కో పనిముట్టుకు నేల మీద సున్నంతో గీత గీసి చోటు నిర్ణయించుకుంటే ట్రాక్టర్ వెనక్కి వచ్చి నేరుగా తగిలించుకునే వీలుంటుంది. పీటీవో షాఫ్ట్, పిన్నులు, గొలుసులు, నట్లు విడివిడిగా పోకుండా గోడకు కొక్కేలు అమర్చాలి. పదును వేళ పనిముట్టు బాగున్నా, పిన్ను కనిపించక గంటలు వృథా అయ్యే సందర్భాలు తక్కువేమీ కాదు.

షెడ్డు కట్టే స్తోమత లేనివారు టార్పాలిన్‌ను ఆశ్రయిస్తున్నారు. పనిముట్టును మూటలా బిగించి కప్పడం వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. లోపలి తేమ బయటికి పోలేక రాత్రి చల్లదనానికి నీటి బొట్లుగా ఇనుము మీద చేరుతుంది. కప్పు పైన ఉండాలి, పక్కల నుంచి గాలి ఆడాలి. పనిముట్టు మట్టిని తాకకుండా కింద బండలు గానీ, చెక్కలు గానీ వేయాలి.

పెట్టే ముందు అరపూట పని

కప్పు కింద చేర్చే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. ఇవి అరపూటలో ముగుస్తాయి.

* పనిముట్టుకు అంటిన మట్టి, గడ్డి, ఎరువు పూర్తిగా కడిగి ఎండలో ఆరబెట్టాలి. తడి మీద నూనె పూస్తే ప్రయోజనం ఉండదు.
* విత్తనం, ఎరువు పెట్టెలను ఖాళీ చేసి తుడవాలి. గొలుసులను శుభ్రం చేసి నూనె వేసి వదులు చేయాలి.
* మట్టిని తాకే కొయ్యలు, రెక్కలు, పళ్లెం నాగలి బిళ్లలకు గ్రీజు పట్టించాలి.
* రోటవేటర్ గేర్ నూనె రంగు చూడాలి. తెల్లబడి ఉంటే మార్చాలి. అరిగిన బ్లేళ్లు, వదులైన బోల్టులు అప్పుడే రాసి పెట్టుకుని తీరిక కాలంలో మార్పించాలి.
* పీటీవో షాఫ్ట్ రెండు ముక్కలను విడదీసి లోపలి గొట్టానికి గ్రీజు రాసి కప్పు కింద ఉంచాలి.
* పిచికారీ యంత్రంలో మంచినీరు పోసి నడిపి, మందు జాడ లేకుండా కడిగి, నీరంతా వదిలేయాలి. దాన్ని పశువుల మేత దగ్గర ఉంచరాదు.
* ట్రాక్టర్‌ను నెలల తరబడి నిలిపితే బ్యాటరీ తీగ విప్పాలి. టైర్లలో గాలి తగ్గకుండా చూసుకోవాలి.

ప్రమాదాలపైనా దృష్టి అవసరం. పనిముట్టును ట్రాక్టర్ లిఫ్టు మీద గాలిలో వేలాడదీసి ఉంచకూడదు. హైడ్రాలిక్ పట్టు సడలితే కింద ఉన్నవారి ప్రాణానికే ముప్పు. నిలబెట్టిన పనిముట్టు ఒరగకుండా ఊత పెట్టాలి. ఊళ్లలో పిల్లలకు షెడ్డే ఆటస్థలం అన్నది మరువరాదు. డీజిల్ డబ్బాలు, గడ్డివామి ఒకే కప్పు కింద ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. చీకటి మూలలు, పాత గోనెలు పాములకు నెలవు. కనుక నేల కనిపించేలా ఉంచుకోవడం, ఒక దీపం ఏర్పాటు చేసుకోవడం తప్పనిసరి.

దారులు లేకపోలేదు

పంట నిలువకు గోదాములు కావాలని ప్రభుత్వాలు ఏనాడో గుర్తించాయి. 2001లోనే గ్రామీణ గోదాములకు కేంద్రం రాయితీ పథకం తెచ్చింది. పశువులకు నీడ కావాలన్న ఆలోచనతో ఉపాధి హామీ నిధులు వెచ్చించి కట్టిన గోకులాలను 2025 జనవరిలో రాష్ట్రంలో ప్రారంభించారు. ధాన్యానికి, పశువుకు దక్కిన నీడ యంత్రానికి ఎందుకు దక్కకూడదన్నది న్యాయమైన ప్రశ్నే. 2020లో ఆరంభమైన వ్యవసాయ మౌలిక వసతుల నిధి కింద రూ.2 కోట్ల వరకు రుణంపై ఏడేళ్ల పాటు 3 శాతం వడ్డీ రాయితీకి వీలు కల్పించారు. అద్దె యంత్ర కేంద్రాలను కూడా అందులో చేర్చారు. అయితే అయిదుగురు రైతుల చిన్న గ్రూపు ఒక షెడ్డు కోసం ఆ కాగితాలు పట్టుకుని బ్యాంకుల చుట్టూ తిరగడం తేలిక కాదు. స్థలం పత్రాలు ఎవరి పేరున ఉండాలన్న దగ్గరే దస్త్రం ఆగిపోతుంది.

ఇందుకు మేలైన మార్గం ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు. 2023 మే 31న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన సహకార ధాన్య నిలువ ప్రణాళికలో సంఘం స్థాయిలోనే గోదాముతో పాటు అద్దె యంత్ర కేంద్రాన్ని కూడా ఏర్పాటు చేయాలని తలపెట్టారు. వేర్వేరు పథకాల నిధులను ఒకచోట కలపాలన్నది దాని సారాంశం. సంఘం ఆవరణలో గ్రూపుల యంత్రాలకు చోటిస్తే కాపలా ఒక్కటే, తాళం ఒక్కటే, అద్దె పుస్తకం ఒక్కటే అవుతుంది. పంట రాని నెలల్లో ఖాళీగా ఉండే మార్కెట్ యార్డు షెడ్లను, రైతు సేవా కేంద్రాల పక్కనున్న ప్రభుత్వ స్థలాన్ని కూడా పరిశీలించవచ్చు.

నిర్వహణలో శిక్షణ కూడా దూరంలో లేదు. దక్షిణాది రాష్ట్రాలకు చెందిన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షల సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది. యంత్రం అప్పగించే ముందు ప్రతి గ్రూపు నుంచి ఇద్దరిని అక్కడికి పంపి శుభ్రత, నిలువ, మరమ్మతులు నేర్పిస్తే ఖర్చు స్వల్పం, ఫలితం అధికం. అందులో ఒకరు మహిళ అయితే మరీ మంచిది. స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు ఇస్తున్న కాలమిది. మండు వేసవిలో రేకుల షెడ్డులో డ్రోన్ బ్యాటరీ ఉంచితే ఏమవుతుందో ముందే తెలియాలి.

అధికారులు చేయదగిన పనులు మూడు ఉన్నాయి. యంత్రం మంజూరుకు ముందు నిలువ చోటును చూసి నమోదు చేయడం మొదటిది. చోటు లేని గ్రూపునకు ఉమ్మడి షెడ్డు చూపడం రెండోది. విత్తుకు నెల ముందు, మే నెలలో, మండలాల వారీగా పనిముట్ల తనిఖీ, మరమ్మతు శిబిరం పెట్టడం మూడోది. చోటు లేదన్న సాకుతో పేద గ్రూపునకు యంత్రం నిరాకరించకుండా చూడటం వీటన్నిటికంటే ముఖ్యం. నిబంధన షెడ్డు కల్పించడానికి దారి కావాలి గానీ, షెడ్డున్నవారికే మళ్లీ యంత్రం కట్టబెట్టడానికి కాదు.

ఎన్ని యంత్రాలు పంచారన్నది ఇంతవరకు ప్రగతికి కొలమానంగా ఉంది. పంచినవాటిలో అయిదేళ్ల తరువాత ఎన్ని చాళ్లు తోలుతున్నాయన్నది కొలమానం కావాలి. ఆయుధ పూజ నాడు పసుపు, కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టే రైతుకు పనిముట్టు విలువ ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆయనకు కావాల్సింది దాన్ని నిలుపుకునేంత చోటు. ఆ చోటు చూపకుండా ఎన్ని మేళాలు పెట్టినా, ఊరి బయట తుప్పు కుప్పల సంఖ్య మాత్రమే పెరుగుతుంది.